ఆటలో అరటిపండు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు: "మా పిల్లని ఆటలోకి రానివ్వట్లేదు." పిల్లలంతా మూడేళ్ళకీ తొమ్మిదేళ్ళకీ మధ్యవాళ్ళే. కొన్నిటిని కుదించి, పేర్లు తీసేసి, ఊళ్ళు మాత్రం ఉంచి ఇస్తున్నాం.

*ప్రశ్న: మా పాపకి నాలుగున్నర. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద నలుగురు ఆడపిల్లలు బొమ్మల వంటలు ఆడుకుంటారు. ఇది వెళ్తే "నువ్వొద్దు పో" అంటారు. నిన్న నేనే దిగి మందలించాను. కాసేపు ఆడనిచ్చి, నేను లిఫ్టెక్కగానే మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళ అమ్మలతో మాట్లాడమంటారా? (కూకట్‌పల్లి)*

మాట్లాడుదురు గానీ, ముందు రెండు సాయంత్రాలు కాస్త ఎడంగా నిలబడి మీ పాప వాళ్ళ దగ్గరికి ఎలా వెళ్తోందో చూడండి. ఈ వయసులో "నువ్వొద్దు" అంటే చాలాసార్లు "నువ్వంటే పడదు" అని కాదు, "మా ఆట చెడిపోతుంది" అని. ఆ నలుగురూ కిందామీదా పడి అమ్మ ఎవరో, కూర ఏదో, పొయ్యి ఎక్కడో తేల్చుకుని ఉంటారు. ఐదో పిల్ల వచ్చి "నేనూ ఆడతా" అంటే అదంతా మళ్ళీ మొదటికొస్తుంది. "వద్దు" అనేస్తే పని సులువు. వచ్చిన పిల్ల అడక్కుండా గిన్నె లాక్కుందా, ఇక చెప్పక్కర్లేదు.

ఆటలోకి దూరడం తెలిసిన పిల్లల్ని గమనిస్తే, వాళ్ళు అసలు అడగరు. ఒకటి రెండు నిమిషాలు ఊరికే నిలబడి చూస్తారు. తర్వాత పక్కనే చతికిలబడి అదే పని చేస్తారు, అంటే ఆకులు తుంచడమో, ఇసుక పోయడమో. ఆ తర్వాత ఆటకి పనికొచ్చేదేదో పట్టుకొస్తారు: "పాలండీ పాలు", "కరెంటు బిల్లు వచ్చిందండీ". అప్పటికి వాళ్ళకో పని దొరికినట్టే. ఆటలో పని ఉన్నవాళ్ళని ఎవరూ పొమ్మనరు.

దీన్ని ఇంట్లో నేర్పించొచ్చు. మూడు నాలుగు రాత్రులు, రోజుకి పది నిమిషాలు చాలు. మీరూ పాప నాన్నగారూ గిన్నెలతో ఆడుతుండండి, పాప వచ్చి కలవాలి. మొదటిసారి మాత్రం వచ్చి కలిసేది మీరు. కావాలనే తప్పుగా రండి: గిన్నె లాగండి, "నేనే అమ్మని" అని అరవండి. పాప నవ్వి, "అలా కాదమ్మా" అని మీకే పాఠం చెబుతుంది. ఆ పాఠం మీరు చెప్పినదానికన్నా బాగా గుర్తుంటుంది.

ఇక చాక్లెట్ ప్యాకెట్ ఇచ్చి పంపే తల్లులున్నారు. ప్యాకెట్ ఉన్నంతసేపే ఆ స్నేహం. మర్నాడు "ఏం తెచ్చావ్?" అంటారు.

ఆ నలుగురిలో కాస్త మెతకగా ఉండే పిల్లని ఒక్కదాన్నే ఇంటికి పిలవండి. ఇద్దర్ని పిలిస్తే వాళ్ళిద్దరూ ఒక జట్టయి మీ పాప సొంతింట్లో పరాయిదవుతుంది. ముప్పావు గంట చాలు. ఇద్దరికీ చెరో చపాతీ పిండి ముద్ద ఇవ్వండి. పాపకి ప్రాణమైన బొమ్మని ముందే అటక మీద పెట్టేయండి, లేకపోతే దాని కోసమే కొట్లాట. బాగా ఆడుతున్నప్పుడే ఆపి పంపించాలి, విసుగెత్తాక కాదు. రెండు మూడు వారాల్లో ఇలా నాలుగుసార్లు జరిగితే కింద పాపని పిలిచే గొంతు ఒకటి తయారవుతుంది. ఇంత చేసినా ఆ పిల్లలు రోజూ ఈ పాపనే ఎంచుకుని, చూడగానే గుసగుసలాడి నవ్వుతుంటే, అప్పుడు వాళ్ళ అమ్మల తలుపు తట్టండి.

*ప్రశ్న: మా వాడు ఏడుస్తూ ఇంటికొస్తే మా మామగారు "పిల్లలన్నాక కొట్టుకోరా, మళ్ళీ కలుస్తారు" అని కొట్టిపారేస్తారు. ఆయన అన్నది నిజమేనా? (తణుకు)*

చాలావరకు నిజమే. తేడా తెలుసుకోవడానికి మన భాషలోనే రెండు మాటలున్నాయి: ఉడికించడం, ఏడిపించడం. ఉడికించే ఆటలో వంతులు మారుతుంటాయి. ఇవాళ ఉడికించినవాడు రేపు ఉడుక్కుంటాడు, "కటీఫ్" అనుకున్నవాళ్ళు మర్నాడు భుజాల మీద చేతులేసుకుని తిరుగుతారు. ఏడిపించడంలో వంతు మారదు. ఎప్పుడూ వాడే ఏడవాలి.

స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త దాన్ ఓల్వేయస్ 1970లలో దీని మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆయన చెప్పిన గుర్తులు మూడు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుటివాడు తిరగబడలేని స్థితిలో ఉండటం. బలం అంటే కండబలమే కానక్కర్లేదు. వయసు, మంద, మాటకారితనం, బంతి సొంతదారు కావడం, ఇవన్నీ బలాలే. మూడూ కలిశాయంటే మీ మామగారి మాట చెల్లదు. మూడేళ్ళ పిల్లలు కొరికినా, లాక్కున్నా దాన్ని ఈ లెక్కలో వేయకండి.

బడి ఉన్న రోజుల్లోనే వచ్చే కడుపునొప్పి, పోయే పెన్సిళ్ళు, సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని ఇంటికి రాగానే బాత్రూంకి పరుగెత్తడం మాత్రం గమనించండి. పిల్లల్ని ఏడిపించే చోట్లలో బడి టాయిలెట్లూ ఒకటి.

*ప్రశ్న: అంగన్‌వాడీ టీచర్‌ని. పద్దెనిమిది మంది పిల్లలు. ఒకడికి మూడున్నరేళ్ళు, అందరినీ కొడతాడు, తోస్తాడు. తల్లులొచ్చి "ఆ రౌడీని వేరే కూచోబెట్టండి" అంటున్నారు. వాడు రాని రోజు కేంద్రం ప్రశాంతంగా ఉంటోంది. (నల్గొండ జిల్లా)*

ముందుగా ఆ "రౌడీ" మాట మీ కేంద్రంలో వినబడకుండా చేయండి. పిల్లలు వింటున్నారు, వాడూ వింటున్నాడు. నెల రోజులు పోతే వేరే ఎవరు తోసినా వాడి పేరే చెబుతారు. అప్పుడు వాడు మంచిగా ఉండి మాత్రం ఏం లాభం?

ఓ పాత నోటుబుక్కులో ఐదు రోజులు రాయండి. కొట్టిన ప్రతిసారీ ఒక్క వరుస: టైము, అంతకుముందు ఏం జరిగింది, కొట్టాక వాడికి ఏం దక్కింది. ఇలా రాసిన చోట సాధారణంగా రెండు మూడు సందర్భాలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. భోజనానికి ముందు ఆకలి వేళ, ఒకే ఒక్క ఎర్ర బంతి దగ్గర, గుమ్మం దగ్గర అందరూ ఒక్కసారి తోసుకునేటప్పుడు. ఈ మూడూ పిల్లవాడి గుణాలు కావు, మన ఏర్పాటులోని లోపాలు.

ఆకలి వేళకి పరుగులాట వద్దు, పాట పెట్టండి. గుమ్మం దగ్గర ఐదుగురు ఐదుగురుగా పంపండి. వస్తువుల విషయానికొస్తే, మూడేళ్ళవాళ్ళు అంతగా కలిసి ఆడరు, ఎక్కువగా పక్కపక్కన ఆడతారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లోనే పిల్లల ఆటల్లో దీన్ని ఒక దశగా చెప్పారు. పక్కవాడి చేతిలో ఉన్నదే తనకీ కావాలి. కాబట్టి పది రకాల బొమ్మలు ఒక్కోటి ఉండటం కన్నా ఒకే రకం ప్లాస్టిక్ కప్పులు ఇరవై ఉండటం మేలు. ఖర్చూ తక్కువ.

కొట్టేసిన క్షణంలో చేయాల్సింది: మొదట దెబ్బ తిన్న పిల్ల దగ్గరికి వెళ్ళండి. ముందు వాడిని తిడితే మీ చూపు దక్కేది వాడికే. తర్వాత వాడి చెయ్యి మెత్తగా పట్టుకుని, కళ్ళ ఎత్తుకి వంగి, రెండు ముక్కల్లో "కొట్టకూడదు. నొప్పి పుట్టింది" అనండి. ఉపన్యాసం వద్దు. ఆపైన వాడికి చేతకాని మాట అందివ్వండి: "నాకూ ఇవ్వవా, అను." అన్నాక పక్కపిల్ల ఇవ్వకపోతే ఇంకో కప్పు మీరే ఇవ్వాలి. మాట పనిచేస్తుందని వాడికి తెలిసేది అక్కడే. బలవంతంగా "సారీ" చెప్పించకండి. చెప్పి మళ్ళీ కొట్టడం నేర్చుకుంటారు. తడిగుడ్డ తెచ్చి ఆ పిల్లకి ఇమ్మనండి, అది నయం.

వాడు కొట్టని సమయం కూడా ఆ బుక్కులో రాయండి. తల్లులకి చూపించడానికి పనికొస్తుంది. నాలుగైదు వారాలకీ మార్పు లేకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, మాటలు మరీ తక్కువైనా, ఆరోగ్య కార్యకర్తతో చెప్పి వినికిడి పరీక్ష చేయించండి. వినబడని పిల్లలు చేతులతో మాట్లాడతారు.

*ప్రశ్న: ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మూడో తరగతిలో ఒక అమ్మాయికి కుడికాలు బలహీనం, కుంటుతూ నడుస్తుంది. పిల్లలు మంచివాళ్ళే, వెక్కిరించరు. కానీ ఆటల పీరియడ్‌లో ఆమెని "అరటిపండు" చేస్తారు, లేదా చెప్పులకి కాపలా పెడతారు. ఆమె కూడా "పర్లేదు టీచర్" అంటుంది. నేను కల్పించుకోవాలా? (పార్వతీపురం)*

కల్పించుకోవాలి. చెప్పుల కాపలా ఆట కాదు. ఆటలో అరటిపండుకి గెలుపూ లేదు, ఓటమీ లేదు. పట్టుకున్నా అవుట్ కాదు, కొట్టినా పాయింటు రాదు. అది పసివాళ్ళకి ఇచ్చే వెసులుబాటు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇస్తే "నువ్వు ఉన్నా లేకున్నా ఒకటే" అని నలుగురిలో చెప్పినట్టే. ఆమె "పర్లేదు" అంటే నమ్మకండి. పోట్లాడితే ఆ కాస్త చోటూ పోతుందేమోనని ఆ మాట.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016, 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, గుర్తింపు పొందిన బడులు ఈ పిల్లలకి చదువుతో పాటు ఆటల్లోనూ అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలి. హెడ్‌మాస్టర్‌తో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మైదానంలో మాత్రం చట్టం కన్నా సుద్దముక్క ఎక్కువ పనిచేస్తుంది.

ఏడు పెంకులాట తీసుకోండి. బంతి విసరడానికి ఒక్క గీత కాకుండా 2, 3, 5 మీటర్ల దూరంలో మూడు గీతలు గీయండి. ఎవరు ఏ గీత మీద నిలబడాలో వాళ్ళ ఇష్టం. ఆమె ఒక్కదానికే దగ్గరి గీత ఇస్తే దయ చూపినట్టుంటుంది, అందరికీ ఇస్తే అది ఆట రూలు. పెంకుల చుట్టూ మీటరు ఎడంతో గుండ్రంగా ఇంకో గీత. లోపల కూచుని పేర్చేవారిని బంతితో కొట్టకూడదు, కానీ లోపల ఒక్కరే ఉండాలి. ఈ సంఖ్య చెప్పకపోతే జట్టంతా గీతలోకి దూరి ఆట ఆగిపోతుంది. చెదిరిన పెంకుల్ని మిగతావాళ్ళు దెబ్బ తప్పించుకుంటూ తెచ్చి లోపలికి అందించాలి. ఎదుటి జట్టు ఈ గుండ్రటి గీతకి రెండు అడుగుల బయటే ఉండాలి, లేకపోతే మూకుమ్మడిగా చుట్టుముడతారు. ఇప్పుడు పరుగెత్తేవాళ్ళు ఎంత ముఖ్యమో పేర్చే చేతులూ అంతే ముఖ్యం. ప్రతి ఆటకీ పేర్చేవారిని మార్చండి. ఆ చోటు ఆమెదే అయిపోతే అది ఇంకో రకం చెప్పుల కాపలా. పేర్చే వంతు కానప్పుడు ఆమె తనకి నచ్చిన గీత నుంచి బంతి విసురుతుంది. పాత సాక్సుల్లో గుడ్డలు కుక్కి బంతి చేసుకుంటే తగిలినా నొప్పి ఉండదు.

జట్లు ఎంచుకునే పద్ధతి దగ్గరే సగం అవమానం జరిగిపోతుంది. ఇద్దరు లీడర్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటూ పోతే చివర మిగిలేది ఎప్పుడూ ఒకరే. మన పల్లెల్లో దీనికి మంచి ఉపాయం ఉండేది. ఇద్దరిద్దరు జంటలుగా పక్కకెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకుని వస్తారు. "ఉప్పు కావాలా, చింతపండు కావాలా?" అని లీడర్ని అడుగుతారు. ఎవరు ఉప్పో తెలియకుండా కోరుకోవాలి. జంటల్ని కట్టేటప్పుడు ఆటలో సమఉజ్జీలని కలిపితే జట్లూ సమానంగా వస్తాయి. దొంగని తేల్చడానికి పంటలు వేయించండి.

కుర్చీలాటలో నెమ్మదైనవాళ్ళు ముందే అవుటై, ఎక్కువ సాధన కావాల్సినవాళ్ళే ఎక్కువసేపు గోడకి ఆనుకుని కూచుంటారు. కుర్చీలు తీసేయండి గానీ పిల్లల్ని తీయకండి. ఉన్న కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి, కింద పాదం ఆనకూడదు. చివర మూడు కుర్చీల మీద పన్నెండుమంది వేలాడుతుంటే ఆ కేకలు హెడ్‌మాస్టర్ గది దాకా వినబడతాయి, దానికి సిద్ధపడండి.

చూపు తక్కువున్న పిల్లలుంటే బంతిని గలగలమనే ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. వినికిడి తక్కువుంటే విజిల్‌తో పాటు ఎర్ర గుడ్డ ఊపండి.

*ప్రశ్న: "ఒకటి కొడితే రెండు తిరిగివ్వు" అని మా వారు బాబుకి నేర్పుతున్నారు. వాడు ఒకటో తరగతి, బక్కగా ఉంటాడు. నాకు భయంగా ఉంది. (విజయవాడ)*

మీ భయం సరైందే. కొట్టేవాడు తనకన్నా చిన్నవాణ్ణే ఎంచుకుంటాడు కాబట్టి రెండు ఇవ్వబోతే నాలుగు వస్తాయి. పైగా టీచర్ తల తిప్పేసరికి కనిపించేది రెండో దెబ్బే. ఊరికే "పట్టించుకోకు" అన్నా సరిపోదు, వాడికి చేయడానికి ఏదో ఒకటి ఉండాలి.

అద్దం ముందు నిలబెట్టి నేర్పండి: కాళ్ళు ఎడంగా, చేతులు కిందికి, ఎదుటివాడి ముక్కు వైపు చూపు (కళ్ళలోకి చూడమంటే బెదురుతారు), ఒక్కటే మాట, గట్టిగా: "ఆపు! నాకిష్టం లేదు." అరుపు కీచుగా రాకూడదు, క్లాసులో హాజరు పలికినంత స్థిరంగా ఉండాలి. అన్నాక అక్కడే నిలబడి జవాబు కోసం చూడకూడదు. వెంటనే తిరిగి పెద్దవాళ్ళున్న వైపు నడవాలి. రోజుకి ఐదుసార్లు, వారం రోజులు. మీ వారినే ఎదుటివాడిగా నిలబెట్టండి, ఆయనకీ పని దొరుకుతుంది.

తర్వాత టీచర్‌కి చెప్పాలి. "చాడీలు చెప్పకూడదు" అని మనమే నేర్పి, ఆనక "ముందే ఎందుకు చెప్పలేదురా" అని అడుగుతాం. ఇలా విడదీసి చెప్పండి: ఒకడికి తిట్లు పడాలని చెబితే చాడీ, ఒకడికి దెబ్బలు తప్పాలని చెబితే సాయం. ఆరేళ్ళకి ఇది అర్థమవుతుంది.

వాడి స్నేహితుడికి కూడా ఒక పని నేర్పండి. టొరంటోలో బడి మైదానాలను వీడియో తీసి పరిశీలించినవారు 2001లో ప్రచురించిన ఫలితం ఇది: తోటి పిల్లలు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే ఏడిపించడం ఆగిపోయింది. కానీ కల్పించుకున్నది దాదాపు ఐదింట ఒక్కసారే. కల్పించుకోవడమంటే కలబడటం కాదు. దెబ్బలు తింటున్నవాడి చెయ్యి పట్టుకుని "రారా, మనం ఆడుకుందాం" అని లాక్కుపోవడం చాలు.

*ప్రశ్న: స్కూల్ నుంచి ఫోన్. రెండో తరగతి చదివే మా అబ్బాయి ఒక పిల్లవాణ్ణి రంగుని బట్టి "కర్రోడా" (నల్లోడా) అని రోజూ పిలిచి అందరిచేతా పిలిపిస్తున్నాడట. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చాక నాలుగు తగిలించాను. సరిపోతుందా? (కరీంనగర్)*

తగిలించింది పనికిరాదు. బలం ఉన్నవాడు బలం లేనివాణ్ణి కొట్టొచ్చని వాడికి ఇంకోసారి చూపించినట్టయింది. అయినా మీకు సిగ్గేసింది కదా, బాగుచేయడానికి అది చాలు. "మావాడు అలాంటివాడు కాడు" అని ఫోన్ పెట్టేసేవాళ్ళ కన్నా మీరు ముందున్నారు.

"చేశావా లేదా?" అని అడగకండి. లేదనే అంటాడు, ఒక తప్పు రెండవుతుంది. "నువ్వు అలా పిలుస్తున్నావని తెలిసింది. ఎప్పుడు మొదలైంది, పిలిచినప్పుడు ఎవరు నవ్వుతారు?" అని అడగండి. రెండో ప్రశ్న ముఖ్యం. నవ్వేవాళ్ళ కోసమే ఈ తతంగమంతా. క్లాసులో వాడికి వేరే రకంగా పేరు వచ్చే పని ఏదైనా ఇవ్వమని టీచర్‌ని కోరండి.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోండి. పెళ్ళిచూపుల కబుర్లలో, బారసాలల్లో "పిల్ల రంగు తక్కువ" అనే మాటలు పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. ఇంట్లో ఆ మాట ఆగకుండా బడిలో ఆగదు.

ఇద్దర్నీ క్లాసు ముందు నిలబెట్టి చేతులు కలిపించడానికి ఒప్పుకోవద్దు. ఏడ్చిన పిల్లవాడికి అది ఇంకో శిక్ష. విడిగా మాట్లాడటం, వారం పాటు రోజూ సాయంత్రం టీచర్ డైరీలో ఒక్క మాట రాయడం, ఆ పిల్లవాడి తల్లిదండ్రులకి మీరే ఫోన్ చేసి చెప్పడం చాలు. ఆ పిల్లవాడు కోరుకుంటేనే మీవాడు వెళ్ళి మాట్లాడాలి.

*ప్రశ్న: మా బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర కొందరు పిల్లలు ఒక వాడ పిల్లల పక్కన కూచోరు. అడిగితే "అమ్మ వద్దంది" అంటారు. (ఒక టీచర్, అనంతపురం జిల్లా)*

దీన్ని పిల్లల తగాదాగా చూడకండి. ఇది కుల వివక్ష, పిల్లల నోట పలుకుతున్నది పెద్దల మాట. బలహీన వర్గాల పిల్లలపై బడిలో వివక్ష లేకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిదని విద్యాహక్కు చట్టం 2009, 8వ సెక్షన్ చెబుతోంది. బడిలో ఆ ప్రభుత్వం మీరే. ఎవరి పక్కన ఎవరు అన్నది పిల్లల ఇష్టానికి వదలకండి. నంబర్ల చీటీలు తీయించి, వారానికోసారి మార్చండి. వడ్డించే వంతులోనూ, నీళ్ళ బిందె దగ్గరా ఇదే చీటీ. తల్లి వచ్చి అడిగితే "చీటీ అలా పడింది, బడి పద్ధతి ఇంతే" అనండి, ఆ పద్ధతి మీద హెడ్‌మాస్టర్ సంతకం ముందే ఉండాలి. ఒక్క టీచర్ ఒంటరిగా మొదలుపెడితే మూడో రోజుకి ఆపించేస్తారు.

*ప్రశ్న: స్కూల్ ఆటోలో పెద్ద పిల్లలు మా ఆరేళ్ళ పాప బ్యాగు లాగి, చెక్క మీంచి తోసేస్తున్నారు. బడివాళ్ళు "ఆటో మాది కాదు" అంటున్నారు. (నెల్లూరు)*

ఆ ఆటోలో పిల్లలున్న తల్లిదండ్రులంతా కలిసి ఒక ఆదివారం డ్రైవర్‌తో కూచోండి. సీట్లు ఖాయం చేయండి: చిన్నవాళ్ళు వెనక సీటు లోపలివైపు, తోసేవాడు డ్రైవర్‌కి అద్దంలో కనిపించే చోట. బ్యాగులు ఎక్కేముందే బయటి హుక్కులకి. ఆగకపోతే తేదీలు వేసి బడికి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. దెబ్బలు, బెదిరింపుల దాకా వస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి రాత్రైనా పగలైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు.

*ప్రశ్న: నాకు ఇద్దరు మనవలు. ఎనిమిదేళ్ళవాడు స్నేహితులతో దొంగాట ఆడుతుంటే మూడేళ్ళవాడు మధ్యలో దూరతాడు. "వాణ్ణి అరటిపండుగా ఉంచుకోండర్రా" అంటాను. పెద్దవాడు విసుక్కుంటాడు. నేను చేస్తున్నది తప్పా? (అమలాపురం, ఓ అమ్మమ్మ)*

తప్పేం లేదమ్మా. మూడేళ్ళవాడికి అంతకన్నా మంచి చోటు లేదు, పరుగెత్తినంత పరుగెత్తుతాడు, ఏడుపు ఉండదు. అయితే పెద్దవాడికీ రోజూ ఓ అరగంట తమ్ముడు లేని ఆట ఉండాలి. ఆ అరగంట చిన్నవాణ్ణి మీ దగ్గర చిక్కుడుకాయలు ఒలవడానికి కూచోబెట్టుకోండి. అన్ని ఆటల్లోకీ తమ్ముణ్ణి అంటగడితే ఆ కసి వాడి మీదే తీరుతుంది, మీరు చూడనప్పుడు.

ఎన్నాళ్ళు అరటిపండుగా ఉంచాలన్నది వాడే చెబుతాడు. ఇప్పుడు వాణ్ణి అంటుకుంటే కిలకిల నవ్వి ఇంకా పరుగెత్తుతున్నాడు కదా. ఏదో ఒక రోజు ఆగి, నడుం మీద చేతులేసుకుని "నేను అవుట్ కాలా! నువ్వు తొండి!" అని అన్నతో దెబ్బలాడతాడు. ఆ సాయంత్రం నుంచి వాడికీ పంట వేయండి.